గంట కొట్టకముందు పడిన గోల్

నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. అరవైల చివర్లో వాల్తేరులో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ పూర్తిచేసి, ఒంటారియోలో టొరంటోకి రెండు గంటల దూరంలో ఉన్న ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీకి చేరాక అది మరీ ముదిరింది. లైబ్రరీ నాలుగో అంతస్తులో కిటికీ పక్కన నాకొక బల్ల ఇచ్చారు. దాని ముందు అరగంట కూర్చుంటే ముప్పావుగంట నడిచేదాన్ని. మెట్లు దిగి, కెమిస్ట్రీ బిల్డింగు చుట్టూ తిరిగి, మళ్ళీ మెట్లెక్కి, రాసిన సగం పేజీ చూసుకుని, మళ్ళీ కోటు తొడుక్కునేదాన్ని. చీర కింద ఉన్ని పైజమా, పైన మోకాళ్ళు దాటే కోటు, కాళ్ళకి మగవాళ్ళ బూట్లు. మా ప్రొఫెసర్ ఒకసారి వరండాలో ఎదురుపడి, "థీసిస్ చేత్తో రాస్తున్నావా, కాళ్ళతో రాస్తున్నావా?" అని అడిగారు. నవ్వేశాను గానీ ఆ రోజంతా ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది.

ఆ ఏళ్ళలో యూనివర్సిటీకీ కుదురు లేదు. యుద్ధం తర్వాత పుట్టిన పిల్లలంతా ఒక్కసారి పెద్దవాళ్ళై చదువులకొచ్చి పడ్డారు. ఇద్దరుండాల్సిన హాస్టల్ గదిలో మూడో మంచం వేశారు. నేను లెక్కలు చెప్పే ఫస్టియర్ క్లాసుకి గది దొరక్క, పక్కవీధి చర్చి బేస్‌మెంట్లో పెట్టారు; పైన పియానో ప్రాక్టీసు మొదలైతే నేను గొంతు పెంచాల్సి వచ్చేది. ఎక్కడ చూసినా క్రేన్లు, బురద మీద పరిచిన చెక్కలు. ఒంటారియోలో నిన్నటిదాకా మొక్కజొన్న పండిన పొలాల్లో కొత్త యూనివర్సిటీలు లేచాయి. వాటికి ఇంకా చెట్లు లేవు, కొన్నింటికి సరైన రోడ్లు లేవు, కానీ హాకీ జట్లు మాత్రం ఉన్నాయి.

ఆ సంగతి నాకు తెలిసింది నాతో ఇంట్లో ఉన్న అమ్మాయి వల్ల. ఒక ముసలావిడ ఇంటి మేడ మీద రెండు గదులు, ఒక చిన్న వంటగది మేమిద్దరం పంచుకున్నాం. ఆమె ఫిజికల్ ఎడ్యుకేషన్ చివరి సంవత్సరం, యూనివర్సిటీ ఆడపిల్లల హాకీ జట్టుకి కెప్టెన్. ఉత్తరాన గనుల ఊరు వాళ్ళది. పెరట్లో నీళ్ళు పోసి గడ్డకట్టించిన మంచు మీద అన్నలతో సమానంగా ఆడుతూ పెరిగింది. పన్నెండేళ్ళు రాగానే ఊరి జట్టువాళ్ళు, ఇక ఇది మగపిల్లల ఆట, నువ్వు రావద్దన్నారట. మళ్ళీ కర్ర పట్టుకున్నది యూనివర్సిటీకి వచ్చాకే. ఆ మధ్యలో పోయిన ఆరేళ్ళని ఎలాగైనా తిరిగి రాబట్టాలన్నట్టు ఆడేది.

నేను తెల్లవారకముందే లేచి వంటగదిలో పచార్లు చేస్తుంటే ఒకరోజు బూట్ల తాళ్ళు కట్టుకుంటూ అంది:

"నీకెలాగూ నిద్ర పట్టదు కదా. నాతో రింక్‌కి రా. మాకొక మనిషి కావాలి."

"నాకు స్కేటింగ్ రాదు."

"స్కేట్ చెయ్యక్కర్లేదు. గడియారం చూడాలి."

అలా వెళ్ళాను. పొద్దున్న ఆరింటికి. మగపిల్లల జట్టుకి మధ్యాహ్నాలన్నీ, శుక్రవారం మ్యాచులు, బ్యాండు, నిండిన గ్యాలరీలు. ఆడపిల్లలకి మిగిలింది ఆ ఆరుగంటల వేళా, ఆదివారం మధ్యాహ్నమూ. రింక్‌లో ఐస్ చూసుకునే పెద్దాయన దీపాలు కూడా సగమే వేసేవాడు. నోట్లోంచి పొగలు, బ్లేడ్ల కింద ఐస్ కోసుకుపోయే చప్పుడు, నల్ల రబ్బరు బిళ్ళ చెక్కగోడకి కొట్టుకున్న మోత. ఆ బిళ్ళనే పక్ అంటారని ఆ రోజే తెలిసింది. ఇరవై మంది అమ్మాయిలు ఒక్క క్షణం ఆగకుండా తిరుగుతున్నారు. నేను మొదటిసారి గంటన్నర కదలకుండా కూర్చున్నాను.

హాకీలో టైమ్‌కీపర్ పని చూడ్డానికి సులువు. ఆట ఆగినప్పుడల్లా గడియారం ఆపాలి. రెఫరీ విజిల్ ఊదగానే ఆపడం, పక్ కింద పడెయ్యగానే మళ్ళీ నడపడం. ఎవరైనా తప్పు చేసి బయట కూర్చుంటే వాళ్ళ నిమిషాలు లెక్కపెట్టడం. ఒక పీరియడ్‌లో ఇరవై ముప్పై సార్లు ఆపి నడపాలి. నాకది బాగా నచ్చింది. వేలు మీటల మీద, కళ్ళు రెఫరీ చేతి మీద. ఇంకో ఆలోచనకి చోటుండేది కాదు.

మా కోచ్ ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో లెక్చరర్. నలభై దాటిన పొట్టి మనిషి, ఎప్పుడూ పరుగు మీదే ఉండేది. నేను స్టాటిస్టిక్స్ అని తెలిసిన రెండోవారమే ఒక కాగితాల కట్ట తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"మొన్నటిదాకా నాలుగు జట్లు. షెడ్యూల్ నా వంటగదిలో టీ తాగుతూ వేసేదాన్ని. ఇప్పుడు ఏడు. వచ్చే ఏడు ఎన్నో దేవుడికే తెలియాలి. ఒకళ్ళకి సొంత రింక్ లేదు, ఒకళ్ళకి బస్సు శనివారాలే దొరుకుతుంది, ఇంకొకళ్ళకి పరీక్షలు ముందు. ఇది లెక్కే కదా? నువ్వు చెయ్యి."

చేశాను. మా వంటగది గోడకి బ్రౌన్ పేపరు అంటించి, ఏడు జట్లనీ నిలువుగా, ఆదివారాలన్నీ అడ్డంగా రాసి, పెన్సిల్‌తో నింపి, రబ్బరుతో చెరిపి, మళ్ళీ నింపి. ఒక జట్టు తేదీ కదిపితే మిగతా ఆరూ కదిలేవి. యూనివర్సిటీలకి ఉత్తరాలు రాస్తే జవాబులు రావడానికి వారం పట్టేది. ఈలోపు ఎవరి రింక్‌లోనో పైపు పగిలేది. థీసిస్ ముందు అరగంట కూర్చోలేని నేను ఆ పేపరు ముందు మూడేసి గంటలు నిలబడేదాన్ని. తప్పు చేస్తున్నానని తెలుసు. ఆపలేకపోయాను.

ఆదివారం మ్యాచ్ లేకపోతే డాక్టరుగారింటికి వెళ్ళేదాన్ని. ఆ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క తెలుగు కుటుంబం వాళ్ళది. ఆవిడది గుంటూరు, ఆస్పత్రిలో మత్తుమందు డాక్టరు, ఆయన ఇంజనీరు. మూడు నెలల ఆలస్యంగా ఓడలో వచ్చే తెలుగు వారపత్రికలు వాళ్ళింట్లోనే చదివేదాన్ని. హాకీ సంగతి చెప్తే ఆవిడ పప్పులో తాలింపు వేస్తూ వెనక్కి తిరిగి చూశారు.

"ఏమ్మా, దంతాలు రాలగొట్టుకునే ఆటే కదూ అది? శనివారం వస్తే చాలు, కుట్లు వెయ్యడానికి ఇద్దరో ముగ్గురో తయారు."

"నేను ఆడటం లేదండీ అక్కయ్యగారూ. టైమ్ చూస్తున్నానంతే."

"టైమ్ చూడ్డానికి ఇంత ఊగిపోతున్నావేం? కూర్చో. కూర్చుని తిను."

ఆ శీతాకాలం లీగులోకి కొత్తగా వచ్చిన జట్టు ఒకటుంది. పొలాల్లో లేచిన యూనివర్సిటీల్లో ఒకటి. వాళ్ళకి సొంత రింక్ లేదు. పక్క టౌన్‌లో పిల్లల ఆటలు అయిపోయాక మిగిలిన సమయంలో ఆడుకునేవాళ్ళు. మగపిల్లలు వాడేసిన పాత జెర్సీలు వేసుకుని, పొడుగైపోయిన వాటి చేతులు మడతపెట్టుకుని వచ్చేవాళ్ళు. అక్టోబరులో మా చేతిలో తొమ్మిది గోల్స్ తేడాతో ఓడారు. జనవరికి వాళ్ళని ఓడించడం ఎవరి వల్లా కాలేదు. ఎక్కడ నేర్చుకున్నారో, ఎప్పుడు నేర్చుకున్నారో తెలియదు. ప్రతి ఉత్తరంలోనూ వాళ్ళ కోచ్ అడిగేది ఒక్కటే: ఇంకో మ్యాచ్ ఇవ్వగలరా, ఎక్కడికైనా వస్తాం.

ఫిబ్రవరిలో లీగు చివరి ఆదివారం వాళ్ళకీ మాకూ మా రింక్‌లో పడింది. షెడ్యూల్ వేసింది నేనే కాబట్టి ఆ చివరి ఆదివారం నా చేతి చలవే. పై నాలుగు జట్లకి తర్వాత టోర్నమెంటు. మూడు ఖాయమైపోయాయి, నాలుగో చోటు మాలో ఒకరిది. సమానంగా ముగిసినా వాళ్ళకి చాలు. మేము గెలవాలి. కెప్టెన్‌కి అదే ఆఖరి ఏడు.

వాళ్ళు పసుపుపచ్చ స్కూలు బస్సులో 401 హైవే మీద మూడు గంటలు ప్రయాణం చేసి వచ్చారు. ఆ రోజు గ్యాలరీలో ఎప్పుడూ లేనంతమంది ఉన్నారు. హాస్టళ్ళలో ఇరుక్కున్న పిల్లలకి ఆదివారం పోవడానికి చోటేది? మూడో పీరియడ్ మొదలవగానే గోడ మీది ఎలక్ట్రిక్ గడియారం ఆగిపోయింది. పెద్దాయన నిచ్చెన తెచ్చి, డబ్బా తెరిచి, పిడికిలితో రెండు దెబ్బలు వేసి, దిగొచ్చి తల అడ్డంగా ఊపాడు. కోచ్ పరుగు పందాలకి వాడే స్టాప్‌వాచ్ తెచ్చి నా చేతిలో పెట్టింది. పీరియడ్ అయిపోయిందని చెప్పడానికి ఆఫీసులోంచి ఒక ఇత్తడి గంట తెచ్చారు. రెఫరీ ఇద్దరు కోచ్‌లనీ పిలిచి, "టైమ్ విషయంలో ఈమె మాటే చివరిమాట. ఒప్పుకుంటారా?" అని అడిగాడు. ఇద్దరూ ఒప్పుకున్నారు.

స్కోరు రెండు రెండు. ఇరవైసార్లు ఆపాను, ఇరవైసార్లు నడిపాను. ఆపినప్పుడల్లా, నడిపినప్పుడల్లా నా వేలు కాస్త ఆలస్యమవుతుందని నాకు తెలుసు. ఒక్కోటి కంటికి కనపడనంత చిన్నది. అన్నీ కలిస్తే ఎంతవుతుందో రింక్‌లో ఇంకెవరికీ తెలియకపోయినా నాకు తెలియాలి. నా చదువే అది. చివరి నిమిషం అని చెయ్యెత్తి చూపించాను. తర్వాత పదిహేను సెకన్లు అని అరిచాను. ఎడమచేతిలో గంట, కుడిచేతిలో వాచీ.

అప్పుడు కెప్టెన్ మధ్యలో పక్ అందుకుంది. ఆమెకీ వాళ్ళ గోల్‌కీపర్‌కీ మధ్య ఎవరూ లేరు. గ్యాలరీ మొత్తం లేచింది. నేనూ లేచాను.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. నేను వాచీ చూడలేదు. చూడాల్సిన ఆ నాలుగైదు సెకన్లు ఆమెనే చూశాను. ఆమె ఎడమకి వంగడం, గోల్‌కీపర్ కింద పడటం, వల వెనక్కి ఉబ్బడం చూశాను. రెఫరీ విజిల్ విని వాచీ నొక్కాను. అప్పటికి నా ఎడమచేతిలో గంట మోగలేదు. కిందికి చూస్తే ముల్లు గీత దాటి ఉంది. రెండు సెకన్లు దాటలేదు, ఒకటి మాత్రం దాటింది.

రెఫరీ నా దగ్గరికి జారుకుంటూ వచ్చి ఆగాడు. అతని బ్లేడ్ల కిందినించి ఐస్ పొడి నా బల్ల మీద పడింది.

"టైమ్ ఉందా, అయిపోయిందా?"

వాళ్ళ కోచ్ చెక్కగోడ పట్టుకుని నా వంకే చూస్తోంది. పాత జెర్సీల అమ్మాయిలు కర్రల మీద ఆనుకుని నా వంకే చూస్తున్నారు. మావాళ్ళు అప్పుడే ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కేకలేస్తున్నారు. విజిల్ వెయ్యడానికి రెఫరీకొక క్షణం, నొక్కడానికి నాకొక క్షణం. గోల్ పడినప్పుడు టైమ్ ఉండే ఉండొచ్చు. లేకపోయీ ఉండొచ్చు. తెలియదు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. కానీ ఇంకోటి దానికంటే ముందొచ్చింది: ఉందంటే, సొంత జట్టు కోసం అబద్ధమాడింది అనుకుంటారు. ఈ యూనివర్సిటీలో చీరకట్టుకున్న మనిషిని నేనొక్కదాన్నే. ఎక్కడికెళ్ళినా గుర్తుపడతారు.

"అయిపోయింది," అన్నాను.

రెఫరీ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. అటువైపు అమ్మాయిలు ఏడుస్తూ నవ్వుతూ ఐస్ మీద పడిపోయారు. మావాళ్ళ కేకలు ఆగిపోయిన విధానం నాకిప్పటికీ వినిపిస్తుంది.

డ్రెస్సింగ్ రూము బయట వరండాలో నిలబడ్డాను. లోపల ఎవరో గట్టిగా, "గంట మోగలేదు! నేను విన్నాను, మోగలేదు!" అంటున్నారు. తర్వాత కెప్టెన్ గొంతు.

"అయిపోయిందని ఆమె చెప్పిందంటే అయిపోయినట్టే. మనకోసం అబద్ధం చెప్పే మనిషి కాదు. ఇంక దాని గురించి మాట్లాడొద్దు."

ఆమె నన్ను తిట్టి ఉంటే ఆ రాత్రి నిద్రపోయేదాన్ని. తిట్టలేదు. ఇంటికొచ్చి రెండు కప్పుల టీ కలిపి ఒకటి నా ముందు పెట్టింది. "నీకెంత కష్టమైందో నాకు తెలుసు," అంది. నేను టీ తాగాను.

ఆ తర్వాతి వారాల్లో నేను నడిచిన నడక అంతా ఇంతా కాదు. కెమిస్ట్రీ బిల్డింగు సరిపోక నది ఒడ్డుదాకా వెళ్ళేదాన్ని. ఆమె బయటికెళ్ళాకే వంటగదిలోకి వెళ్ళేదాన్ని. యూనివర్సిటీ విద్యార్థుల పేపర్లో ఎవరో నా గురించి రెండు పేరాలు రాశారు: సొంత జట్టు గోల్‌ని కాదన్న టైమ్‌కీపర్. మా ప్రొఫెసర్ ఆ ముక్క కత్తిరించి నోటీసుబోర్డు మీద పెట్టారు. నేను ఆ వరండా వైపు వెళ్ళడం మానేశాను.

చివరికి డాక్టరుగారికి చెప్పాను. ఆవిడ కూర తరుగుతున్న కత్తి పక్కన పెట్టి మొత్తం విన్నారు.

"అయితే నీకు తెలియదు."

"తెలియదండీ."

"తెలియదని ఎందుకు చెప్పలేదు?"

"టైమ్‌కీపర్ తెలియదు అంటే ఎలా అండీ? దానికేగా నన్ను కూర్చోబెట్టింది."

ఆవిడ మళ్ళీ కత్తి అందుకున్నారు. "ఆస్పత్రిలో మొదటి రెండేళ్ళు నేనూ అంతే. తెలియదు అంటే, ఇండియానించి వచ్చింది కదా అంటారని భయం. ఒకసారి అలా తెలుసన్నట్టు ఊరుకుంటే ఒక పేషెంటు ప్రాణం మీదికొచ్చింది. బతికాడులే." తర్వాత నా వంక చూసి, "ముందు ఆ అమ్మాయికి చెప్పు. ఇంకెవరికైనా ఆ తర్వాతే," అన్నారు.

సరేనన్నాను. చెప్పలేదు. ఇవాళ చెప్దాం, పరీక్షలు అయ్యాక చెప్దాం అనుకుంటూ ఏప్రిల్ వచ్చింది.

ఏప్రిల్లో లీగు కోచ్‌లందరూ మాంట్రియల్‌లో కలిశారు. వచ్చే సీజన్‌కి ఇంకో రెండు జట్లు వస్తామంటున్నాయి. ఇన్నాళ్ళూ ఫోన్ల మీదా, నమ్మకాల మీదా నడిచింది ఇక నడవదు, రూల్స్ కాగితం మీద పెట్టాలన్నారు. షెడ్యూల్ వివరించడానికి మా కోచ్ నన్ను రైల్లో వెంట తీసుకెళ్ళింది. ఒక కాలేజీ క్లాసురూము, పొడవాటి బల్ల, చుట్టూ పదిమంది ఆడవాళ్ళు. పీరియడ్ ఎన్ని నిమిషాలు, హెల్మెట్ ఉండాలా వద్దా, మంచు తుఫాను వస్తే మ్యాచ్ ఎవరి ఖాతాలోకి... ప్రతి దానికీ అరగంట వాదన. టైమ్‌కీపర్ దగ్గరికొచ్చింది. ఆతిథ్యం ఇచ్చే జట్టు మనిషి కూర్చుంటే ఎలా అని ఎవరో అడిగారు. పాత జెర్సీల జట్టు కోచ్ లేచింది.

"ఎందుకు కూర్చోకూడదు? ఈమెని చూడండి. ఈమెలాంటివాళ్ళుంటే రూల్ అక్కర్లేదు."

అందరూ నా వంక తిరిగారు. ఒకావిడ చప్పట్లు కొట్టింది. నేను లేచి నిలబడ్డాను.

"నాకు తెలియదు," అన్నాను. "ఆ గోల్ టైమ్‌లో పడిందో లేదో నాకు తెలియదు. నేను ఆట చూస్తూ వాచీ చూడలేదు. మావాళ్ళకి సాయం చేశానంటారని భయపడి అయిపోయిందన్నాను. నాలాంటివాళ్ళని ఆ కుర్చీలో కూర్చోబెట్టకండి. రెండు జట్లకీ చెందని మనిషిని పెట్టండి. ఇద్దర్ని పెట్టండి, రెండు వాచీలు ఇవ్వండి."

పాత జెర్సీల జట్టు కోచ్ నెమ్మదిగా కూర్చుంది. కాసేపటికి మా కోచ్ గొంతు సవరించుకుని, "రాసుకోండి," అంది. రాసుకున్నారు. ఆ రూల్‌కి మాటలు కూర్చింది నేనే. రైల్లో తిరిగొస్తూ మా కోచ్ మాంట్రియల్ నించి కింగ్‌స్టన్ దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తర్వాత ఒక్కమాట అంది: "నాకు ముందే చెప్పుంటే బాగుండేది."

నేను ఇంటికొచ్చేసరికి రెండురోజులైంది; టొరంటోలో ఒక సెమినార్‌కి ఆగాను. ఆగకుండా ఉండాల్సింది. కెప్టెన్ వంటగదిలో నిలబడి ఉంది. షెడ్యూల్ బ్రౌన్ పేపరు గోడమీదినించి తీసి చుట్టి బల్లమీద పెట్టింది.

"మాంట్రియల్‌లో అందరికీ చెప్పావట."

"నీకు చెప్దామనే..."

"పదిమంది పరాయివాళ్ళకి చెప్పావు. రెండునెలలు నా ఎదురుగా కూర్చుని టీ తాగావు. నేను నీ తరఫున మా జట్టుతో పోట్లాడాను, తెలుసా? ఇద్దరు ఇప్పటికీ నాతో మాట్లాడరు."

"గోల్ పోయినందుకు నన్ను..."

"గోల్ సంగతి ఎవరు మాట్లాడుతున్నారు!" అని అరిచింది. నేనామె గొంతు అంత పైకి లేవడం ఐస్ మీద కూడా వినలేదు.

పరీక్షలవగానే గది ఖాళీ చేసి వెళ్ళిపోయింది. ఎక్కడికని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆగస్టులో ఒక ఉత్తరం వచ్చాక తెలిసింది. కొత్తగా చేరుతున్న రెండు యూనివర్సిటీల్లో ఒకదానికి ఆమెనే కోచ్‌గా తీసుకున్నారు. జట్టు పెట్టడానికి మనుషులు దొరక్క ఆ ఏడాది అందరూ అప్పుడే డిగ్రీ తీసుకున్నవాళ్ళ కోసం వెతుకుతున్నారు. ఉత్తరం టైపు చేసి ఉంది. షెడ్యూల్ కార్యదర్శి గారికి, అని మొదలైంది; ఆ పని ఇంకా నాదే. మాకు ఆదివారాలు ఐస్ దొరకదు, శనివారాలు ఇవ్వగలరు. కింద ఆమె సంతకం.

నేనూ టైపు చేసే జవాబిచ్చాను. తొమ్మిది జట్లకి షెడ్యూల్ వెయ్యడం ఏడింటి కంటే రెండింతలు కష్టమైంది. ఆ అక్టోబరు, నవంబరు మా మధ్య డజను ఉత్తరాలు నడిచాయి. తేదీలు, బస్సులు, పరీక్షలు. ఒకదాని కింద చేత్తో ఒక లైను: మా గోల్‌కీపర్ నిరుడు బ్యాలే డాన్సర్, పర్వాలేదు. నేను జవాబులో, నా రెండో చాప్టర్ మళ్ళీ వెనక్కొచ్చింది, అని రాశాను. దానికి జవాబు రాలేదు.

జనవరిలో ఒక శనివారం ఆమె జట్టు మా ఊరు మీదుగా ఇంకా పడమటికి వెళ్తోంది. మధ్యాహ్నానికి మంచు తుఫాను పట్టుకుని 401 మూసేశారు. నాలుగింటికి నా తలుపు తట్టింది. మెట్ల మీద, మెట్ల కింద, వీధిలో ఆగిన బస్సుదాకా పదహారు మంది అమ్మాయిలు సంచులతో నిలబడి ఉన్నారు.

"హోటళ్ళన్నీ నిండిపోయాయి," అంది కెప్టెన్. నాకామె ఇప్పటికీ కెప్టెనే. "ఈ ఊళ్ళో నాకు తెలిసిన అడ్రసు ఇదొక్కటే."

ఏడుగుర్ని నేను ఉంచుకున్నాను. డాక్టరుగారికి ఫోన్ చేస్తే, "అయిదుగుర్ని పంపు, దుప్పట్లున్నాయి," అన్నారు. మిగతావాళ్ళని కింది ముసలావిడ తన డ్రాయింగ్ రూములో పడుకోబెట్టింది. నేను ఉన్న రవ్వంతా పోసి ఉప్మా చేశాను. పచ్చిమిరపకాయలు తీసి పక్కన పెట్టుకుంటూ తిన్నారు, మళ్ళీ అడిగి తిన్నారు. కెప్టెన్ ప్లేట్లు కడుగుతుంటే నేను తుడిచాను.

"నాకే ముందు చెప్పుండాల్సింది," అన్నాను.

"అవును."

"చెప్తే నువ్విక నన్ను నమ్మవేమోనని..."

"నమ్మకపోయేదాన్నే. కొన్నాళ్ళు." ఒక గిన్నె నా చేతికిచ్చింది. "ఇప్పుడు నా బల్ల దగ్గర కూర్చునే పిల్లకి ఏం చెప్పానో తెలుసా? తెలియకపోతే తెలియదని చెప్పు, మిగతాది నేను చూసుకుంటాను అన్నాను. నీకెవరూ ఆ మాట చెప్పలేదు. నేనూ చెప్పలేదు."

అంతకంటే మేము ఆ విషయం మాట్లాడుకోలేదు. కళ్ళు తుడుచుకుందామంటే చేతిలో తడిగుడ్డే ఉంది.

మర్నాడు పొద్దున్న రోడ్డు తెరిచారు. బస్సు బయల్దేరనంది. డ్రైవరు స్టీరింగ్ ముందు కూర్చుంటే పదహారు మంది అమ్మాయిలు, కెప్టెన్, నేను, కోటు మీద శాలువా కప్పుకుని తన అయిదుగుర్నీ దింపడానికొచ్చిన డాక్టరుగారు వెనకనించి తోశాం. నా చీర కుచ్చిళ్ళు మోకాలిదాకా మంచులో తడిసిపోయాయి. మూడోసారికి ఇంజను దగ్గి అందుకుంది. అమ్మాయిలు కేకలేస్తూ నడుస్తున్న బస్సులోకే ఒక్కొక్కళ్ళే ఎక్కేశారు. కెప్టెన్ చివర్న తలుపు పట్టుకుని వేలాడుతూ వెనక్కి చూసింది.

"మధ్యాహ్నం మ్యాచ్. సాయంత్రానికి తిరిగి దింపేస్తాను. వస్తావా?"

మేడమీద బల్ల మీద రెండో చాప్టర్ ఉంది. సోమవారానికి ఇస్తానని ప్రొఫెసర్‌కి మాటిచ్చాను. డాక్టరుగారి వంక చూశాను. ఆవిడ చేతులు దులుపుకుంటూ, "నన్నడుగుతావేం? బస్సు పోతోంది," అన్నారు.

కుచ్చిళ్ళు రెండు చేతులా ఎత్తి పట్టుకుని పరిగెత్తాను. ఎవరో చెయ్యిచ్చి లాగారు. ఆ మ్యాచ్ వాళ్ళు ఆరు గోల్స్ తేడాతో ఓడిపోయారు. బ్యాలే డాన్సర్ మాత్రం అద్భుతంగా పడిందని దారంతా చెప్పుకుని నవ్వుకున్నారు.